పుస్తె వెనకవైపు

ఆషాఢం చివరి శుక్రవారం, భానుప్రియ పుస్తెలకు పసుపు రాస్తూ రాస్తూ మా అత్తగారు ఆగిపోయారు.

భానుప్రియ నా తోటికోడలు, మా మరిది సూరి భార్య. అప్పటికి ఐదో నెల. పీట మీద కూర్చుని మెడ ముందుకు వంచి, "చల్లగా ఉందత్తయ్యగారూ" అని నవ్వుతోంది. ఆవిడ ఆ నవ్వు విననట్టే రెండు పుస్తెలనూ అరచేతిలో వేసుకుని తిప్పి చూశారు. మళ్లీ తిప్పి చూశారు. తర్వాత గిన్నెలోని పసుపంతా ఒక్కసారిగా తీసి, బంగారం కనిపించనంత మందంగా మెత్తేశారు.

"లెగమ్మా. ఎల్లి కాసేపు పడుకో" అన్నారు.

వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ వేళ్లు పసుపు తడితో జారుతున్నాయి.

"సత్తివేణీ, ఆ గుంట పుస్తెలు తెల్లబడిపోనాయే."

"సబ్బు పేరుకుందేమో అత్తయ్యా."

"సబ్బేటి! గోకినాను, రాలేదు. తగరం రేకులాగున్నాయి. మా పెద్దప్పకి ఇలాగే ఒక పుస్తె నల్లబడింది. మూడు నెల్లు తిరక్కుండా..." ఆవిడ వంటింటి తలుపు దగ్గరగా వేశారు. "ఎవులితోనీ అనకు. ఆ గుంటతో అసలే అనకు. సూరిబాబుని బండెక్కనివ్వకు."

నేను విజయనగరంలో బి.ఎస్సీ. చదివాను. కెమిస్ట్రీలో మంచి మార్కులే వచ్చాయి. అయినా ఆ మాట వినగానే నేను చేసిన మొదటి పని, నా పుస్తెలు పైకి లాగి చూసుకోవడం. పచ్చగానే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకోవడంతోనే శకునాన్ని నేనూ నమ్మేసినట్టయింది.

అది రెండు వేల ఐదు. ఏ.ఎస్. రావు నగర్‌లో మాది రెండు పడకగదుల ఇల్లు. మా ఆయన రాజబాబు ఫ్యాక్టరీకి నడిచి వెళ్లి నడిచి వస్తారు. సూరి ఉద్యోగం మాత్రం ఊరికి ఆ చివర, హైటెక్ సిటీలో. పొద్దున్నే బండి మీద బయలుదేరితే చీకటి పడ్డాకే రావడం. దారి పొడుగునా రోడ్లు తవ్వి పెట్టి ఉండేవి. అప్పట్లో పేపరు తీస్తే ఏ లారీ కిందో పడ్డ సాఫ్ట్‌వేర్ కుర్రాడి ఫోటో ఉండేది. ఆ ఫోటోలను ఎప్పుడూ చూసి పేజీ తిప్పేదాన్ని. ఆ శుక్రవారం నుంచి తిప్పలేకపోయాను.

మర్నాడు పొద్దున్న మా అత్తగారు బండి తాళం బియ్యం డబ్బాలో దాచేశారు.

"కలొచ్చింది బాబూ. బండి మీదెల్లొద్దు."

"కలలో ఏ బండొచ్చిందమ్మా? మనదేనా? నంబరు చూశావా?" అన్నాడు సూరి, బూట్లు వేసుకుంటూ.

"ఎటకారాలాడకు. రైల్లో ఎల్లు."

"వదినా, మీరైనా చెప్పండి. ఇక్కణ్ణించి సికింద్రాబాద్ బస్సు, అక్కణ్ణించి ఎమ్మెమ్‌టీఎస్సు, దిగి మళ్లీ ఆటో. నేను ఆఫీసుకెళ్లేసరికి అక్కడ భోజనాల టైమవుద్ది."

"కొన్నాళ్లేగా సూరీ. అమ్మ మాట విను" అన్నాను. నా గొంతులో ఏం వినపడిందో, అతను వేళాకోళం మాని నా ముఖంలోకి ఒకసారి చూసి, సంచి తీసుకుని బస్‌స్టాపు వైపు నడిచాడు.

భానుప్రియకు తెలియకుండా దాచడం మా వల్ల కాలేదు. మూడో రోజు స్నానానికి వెళ్లినప్పుడు పసుపు కరిగిపోయింది. తడి తలతోనే నా గదిలోకి వచ్చింది. పుస్తెలు ఎత్తి చూపించింది.

"మీకు ముందే తెలుసా అక్కా?"

నేను తువ్వాలు తీసి తడి తల తుడవబోయాను. ఆ అమ్మాయికి అదే జవాబైంది.

ఆ రోజు నుంచి మా ఇంటి పనంతా సూరి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆఫీసు చేరగానే ఫోన్ చేయాలి. బయలుదేరేముందు ఇంకోసారి. భాను మంగళవారాలూ శుక్రవారాలూ ఒంటిపూట భోజనం చేసేది. వద్దంటే, "ఆయన కోసం కదక్కా" అనేది. సాయంత్రం ఆరు నుంచి గేటు దగ్గర నిలబడేది. ఒకరోజు వానకు రైళ్లు ఆగిపోయి సూరి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ప్యాంటుకు మోకాళ్ల దాకా బురద, చేతిలో తడిసిన బజ్జీల పొట్లం. భాను అతన్ని చూసి గేటు పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

రాత్రుళ్లు నిద్రపోయేది కాదు. భయం కదా అనుకున్నాం. పాదాలు పొంగాయి, మెట్టెలు బిగిసిపోయాయి. కడుపుతో ఉన్నవాళ్లకు నీరు పట్టడం మామూలే అన్నారు మా అత్తగారు. ఉప్పు రెండుసార్లు వేసేది, లేదా అసలు వేసేది కాదు. పరధ్యానం అనుకున్నాం. కాఫీ గ్లాసు ఎత్తకుండా, బల్ల మీదే ఉంచి, వంగి తాగడం మొదలుపెట్టింది. అది నేను చూశాను. చూసి, కడుపుతో ఉన్న పిల్ల ఎలా తాగితే ఏమిటిలే అనుకుని బల్ల మీద ఒలికిన చుక్కలు తుడిచాను.

ఒక మనిషి కోసం భయపడుతున్న ఇంట్లో ఇంకో మనిషి కనిపించదు.

క్రీము సంగతి ఇక్కడ చెప్పాలి.

ఉగాదికి ముందు సూరి ఆఫీసులో కుటుంబాలందరినీ పిలిచి విందు చేశారు. దాని ఫోటోలు కంప్యూటర్‌లో వచ్చాయి. వాటిలో భాను పక్కన నిలబడ్డ ఆడవాళ్లందరూ తెల్లగా ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. భానే ఒక ఫోటోను మళ్లీ మళ్లీ చూసి, "నేను ఎక్కడున్నానో వెతుక్కోవాలక్కా" అని నవ్వి, వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నేనే ఆ అమ్మాయిని నేరేడ్‌మెట్‌లో గ్లోరియా దగ్గరకు తీసుకెళ్లాను. గ్లోరియా తన ఇంటి ముందుగదిలో పార్లర్ నడుపుతుంది. గోడ మీద బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు, కింద కుర్చీ, అద్దం. ఆవిడ చెయ్యి మంచిదని నాకు నమ్మకం. ఆవిడ అలమరలోంచి ఆకుపచ్చ డబ్బా ఒకటి తీసింది.

"సత్యక్కా, ఇది బయట దొరకదు. మా వదిన పంపిస్తది గల్ఫ్ నుంచి. నైట్ పూసుకుని పడుకోవడమే. నేను ఏం పెట్టుకుంటున్నా అనుకున్నారు? ఇదే. చూడండి, టచ్ చేసి చూడండి" అని తన చెంప నా వైపు తిప్పింది.

గ్లోరియా చెంప నిజంగానే కడిగిన పింగాణీలా ఉంది.

పప్పు ప్యాకెట్ మీద తేదీ చూడకుండా కొనేదాన్ని కాదు నేను. మందు సీసా మీది చిన్న అక్షరాలు చదవకుండా మా పిల్లలకు చెంచాడు పోసేదాన్ని కాదు. ఆ డబ్బాను అన్నివైపులా తిప్పి చూశాను. దాని మీద నాకు వచ్చిన అక్షరం ఒక్కటీ లేదు. అయినా సంచిలో వేసుకున్నాను.

మూడు వారాల్లో భాను రంగు తేలింది. ఈలోగా నెల తప్పిన సంగతీ తెలిసింది. మా అత్తగారు ఆ కళంతా కడుపులో బిడ్డదే అని మురిసిపోయారు. నాకు మాత్రం ఒక లోపం కనిపించింది. గడ్డం కింద గీత గీసినట్టు పైన ఒక రంగు, కింద ఒక రంగు. నాకు అలాంటివి నచ్చవు. చీర కుచ్చిళ్లు ఒకటి ఎక్కువ తక్కువైనా విప్పి మళ్లీ పెట్టించేదాన్ని.

"మెడ దాకా రాయి భానూ. ఇదిగో, ఇక్కడిదాకా" అని పుస్తెల తాడు కిందికి వేలితో చూపించాను. "గీత కనపడకూడదు."

శ్రావణం వచ్చాక ఆ అమ్మాయి చెయ్యి నిలవడం లేదని, రాత్రిపూట క్రీము నేనే రాసేదాన్ని. వరలక్ష్మీ వ్రతానికి పేరంటాళ్లు వస్తారు, ముఖం వాడిపోయి ఉంటే ఏం బాగుంటుంది అని.

వ్రతం దగ్గర పడుతోంది. తెల్లబడ్డ పుస్తెలతో పీటల మీద కూర్చోబెట్టడం మా అత్తగారికి ఇష్టం లేదు. "కరిగించి కొత్తవి సేయించుకురా. మన వీధి కంసాలి దగ్గరకెల్లకు. సికిందరాబాద్ ఎల్లు, అక్కడ మనల్నెవులూ ఎరగరు" అన్నారు.

పుస్తెలు తీసేముందు తాడుకు పసుపుకొమ్ము కట్టి భాను మెడలో వేశారు. ఒక్క క్షణం కూడా మెడ బోసిగా ఉండకూడదు కదా. నేను పుస్తెలు రుమాల్లో చుట్టుకుంటుంటే భాను నా కొంగు పట్టుకుంది.

"అక్కా, కరిగిస్తే అది పోతుందా? లేక ఆయన మీదే ఉండిపోతుందా?"

"పోతుంది" అన్నాను, ఏదో నాకు తెలిసినట్టు. కొంగు పట్టుకున్న ఆ చెయ్యి వణుకు నా భుజం దాకా వచ్చింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. వానపడి వెలిసింది. రుమాలు విప్పి, ఆ పుస్తెలను మొదటిసారి పట్టపగటి వెలుతురులో చూశాను. ముందువైపు పచ్చగానే ఉంది. తెల్లబడింది వెనకవైపు. రెండింటికీ అంతే, ఒంటికి ఆనే వైపు మాత్రమే. గండం వచ్చేటట్టయితే అది పుస్తెలో ఒక వైపే ఎందుకు చూసుకుని వచ్చిందో నాకు అర్థం కాలేదు. రుమాలు మడుస్తుంటే నా ఉంగరం కనిపించింది. దాని అంచు కూడా సున్నం పూసినట్టుంది.

జనరల్ బజార్ సందులో ఎవరో చెప్పిన దుకాణం అది. పర్వతాలు అనే ముసలి కంసాలి, కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. పుస్తెలు చేతిలోకి తీసుకుని గీటురాయి వైపు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఏందమ్మా, పాదరసంల వడేసిన్రా?"

"లేదు. మెడలోనే ఉన్నాయి."

"మెడల ఉంటే గిట్లెట్లయితది? ఇంట్ల థర్మామీటర్ గిట్ల పలిగిందా?"

"లేదు."

"పెయ్యికి మందులు గిట్ల ఏమన్న పూస్తున్రా?" నా చేతి వైపు చూశాడు. "మీ ఉంగరానికి సుత పట్టింది గదా."

మా కాలేజీ ల్యాబ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉండేది. పాదరసం ముట్టుకునేముందు బంగారం తీసేయాలి అని. రెండో సంవత్సరమంతా ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. ఉంగరం తీసి జడకు కట్టుకునేదాన్ని. పరీక్షలో అడిగితే, పాదరసం బంగారానికి పట్టి తెల్లబరుస్తుందని కారణం రాశాను, రెండు మార్కులు వేశారు. ఆ కంసాలి ముందు నిలబడి, ఆ తలుపు మీది చేతిరాత కూడా గుర్తుకొచ్చింది.

"ఇది పడితే మనిషికి ఏమవుతుంది?" అని అడిగాను.

ఆయన ఊదుగొట్టం పక్కన పెట్టాడు.

"మా నాయన వెండి విగ్రహాలకు బంగారం పూత వెడ్తుండె. బంగారాన్ని పాదరసంల కలిపి పూసి, నిప్పుల మీద కాలుస్తే పాదరసం ఆవిరై పోతుండె. ఏడికి పోతది? ఆయన ముక్కులకే. ఆఖరికి చెయ్యి వణికి వణికి చాయ్ కప్పు పట్టనీకి రాకుండె. కప్పు కింద వెట్టి, పశువు లెక్క వంగి తాగుతుండె. పెయ్యంతా ఉబ్బింది. మాకేం ఎర్క? ఎవరో చేతబడి చేసిన్రని మంత్రాలు పెట్టిచ్చినం."

నాకు మా ఇంటి బల్ల, దాని మీద కదలని కాఫీ గ్లాసు, దాని మీదికి వంగిన తల కనిపించాయి.

"పుస్తెలకు ఫికర్ లేదమ్మా. కాల్చి మెరుగు వెడితే రెండు దినాలల్ల ఎప్పటి లెక్క అయితయి. బంగారంలకెల్లి ఎల్లగొట్టుడు నాకెర్క." పుస్తెలను చిన్న డబ్బాలో వేసి మూత పెట్టాడు. "మనిషిలకెల్లి ఎల్లగొట్టుడు నాకు తెల్వది."

సందు చివర ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. మా అత్తగారు ఎత్తారు.

"అత్తయ్యా, ఇది శకునం కాదు. ఆ క్రీములో పాదరసం ఉంది. అదే పుస్తెలకు పట్టింది."

"పాదరసమా? శకునం కాదా?"

"కాదు."

"అంటే సూరిబాబుకేటీ లేదు!" అవతల ఆవిడ ఏడుపు మొదలైంది. సంతోషంతో వచ్చిన ఏడుపు. "తల్లీ, నా గుంటడికేటీ లేదు..."

"భానుకు ఉందత్తయ్యా" అన్నాను.

ఆవిడ అప్పటికే ఫోన్ పెట్టేశారు. సూరికి చెప్పాలి కదా.

కాసేపాగి మళ్లీ ఫోన్ చేస్తే భాను ఎత్తింది. ఇవాళ్టి నుంచి క్రీము ముట్టుకోవద్దు, రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరకు వెళ్దాం అన్నాను. ఎందుకో కూడా చెప్పాను.

"అయితే ఆయనకేం కాదుగా అక్కా?"

"కాదమ్మా."

"అంతే చాలు" అంది. ఆ రాత్రి, ఇన్ని రోజుల తర్వాత, కళ్లు మూసుకుందిట. నిద్ర పట్టలేదుగానీ కళ్లయితే మూసుకుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ భాను పాదం మీద బొటనవేలితో నొక్కి తీసింది. గుంట అలాగే ఉండిపోయింది. మూత్రపరీక్ష కాగితం రెండుసార్లు చదివింది. కిడ్నీల నుంచి ప్రోటీన్ పోతోంది అంది. వెంటనే చేర్చుకున్నారు. నేను ప్లాస్టిక్ కవర్లో తెచ్చిన డబ్బాను ఆవిడ ముట్టుకోకుండానే చూసింది.

"ఎవరిచ్చారమ్మా ఇది?"

నేను నోరు తెరిచాను.

"నేనే కొనుక్కున్నానండి" అంది భాను.

"ఎక్కడిదాకా రాసేవారు?"

"మెడ దాకా."

"ముఖానికి రాసేది మెడకెందుకు?"

"గీత కనపడకూడదని. నాకే అలా అనిపించింది."

భాను నా వైపు చూడలేదు. డాక్టరమ్మ రాసుకుంది. రాసుకున్నదాంట్లో తప్పుందని నాకు తెలుసు. షాపువాడి బిల్లులో అక్షరం తప్పయినా దిద్దించే నేను, ఆ కాగితం నా కళ్ల ముందే మడిచి ఫైలులో పెడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

"బిడ్డకో డాక్టరుగారూ?" అన్నాడు మాతో వచ్చిన సూరి.

"కదలికలు బాగున్నాయి. అంతకంటే ఇప్పుడేమీ చెప్పలేను. పుట్టాక కూడా వెంటనే తెలియకపోవచ్చు. నడక, మాట, చేతుల పట్టు... చూస్తూ ఉండాలి."

ఆ సాయంత్రం నేరేడ్‌మెట్ వెళ్లాను. గ్లోరియా ఎవరికో కనుబొమలు సరిచేస్తోంది. ఆవిణ్ణి పంపించాక సంగతి చెప్పాను. గ్లోరియా లోపలికి వెళ్లి ఒక చిన్న పొట్లం తెచ్చింది. అందులో ఉంగరం.

"మా ఆయన షాలేమ్ పెళ్లిలో నాకు పెట్టింది. తెల్లగైందని నెల కింద షాపువాడితో లడాయి పెట్టుకున్నా అక్కా. దొంగ బంగారం అమ్మినవని నోటికొచ్చినట్టు తిట్టి వచ్చినా." ఆవిడ దారం చుట్టుకుని ఉన్న వేళ్లను నా ముందుకు చాపింది. "ఇది కూడా... పని ఎక్కువై వణుకుతున్నయ్ అనుకున్నా."

మా ఇంట్లో గండం అనుకున్నది వాళ్లింట్లో మోసం అనుకున్నారు. ఆవిడ గోడ మీది క్యాలెండరు దించి, వెనక పెన్సిలుతో రాసుకున్న పేర్లు చూపించింది. డబ్బాలు తీసుకెళ్లినవాళ్లు ఇరవై ఇద్దరు. వాళ్లలో ఒకరు పెళ్లికూతురు. ఇద్దరం చీకటి పడేదాకా ఆ ఇళ్లకు తిరిగాం. అందరూ నమ్మలేదు. ఒకావిడ, "ఇంత తెల్లగయ్యాక ఇప్పుడు చెప్తారా?" అని తలుపేసుకుంది.

వినాయక చవితికి ముందురోజు భాను ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది. వాపు కొంత తగ్గింది. పర్వతాలు మెరుగు పెట్టిన పుస్తెలు అప్పుడే కొన్నట్టున్నాయి. మా అత్తగారు పసుపుకొమ్ము తీసి, వాటిని తాడుకు గుచ్చుతూ, "సోకులెక్కువై కొంపమీదికి తెచ్చుకున్నావు. నీ సోకు నా మనవడి మీద పడకపోతే అదే పదివేలు" అన్నారు. కసిరినట్టే అన్నారుగానీ, ఆవిడ చేతులు భాను మెడను తడుముతూనే ఉన్నాయి.

ఆవిడ గదిలోంచి వెళ్లాక నేను భాను పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యకు చెప్పేస్తాను భానూ. డాక్టరుకూ చెప్తాను."

"వద్దక్కా."

"నేను చేసింది నీ మీద ఎందుకు ఉండాలి?"

భాను రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. అప్పటికీ అవి సన్నగా వణుకుతూనే ఉన్నాయి.

"రేపు పుట్టాక దీనికి ఏ చిన్నది జరిగినా అత్తయ్యగారు ఆ మాటే ఎత్తుతారు. జలుబు చేసినా ఎత్తుతారు. మీ మీదైతే ఈ ఇంట్లో మీరు బతకలేరు. నా మీదైతే ఫరవాలేదు. కన్నతల్లిని కదా, ఎంతకాలమని అంటారు?"

కార్తీకంలో, నెల ముందుగా, పాప పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. భాను చేతులు నిలబడడానికి ఇంకో ఆరునెలలు పట్టింది. అప్పటిదాకా పాపకు నేను నీళ్లు పోశాను. పాప పదహారో నెలలో నడిచింది. ఆలస్యమా కాదా అని ఇద్దరు డాక్టర్లను అడిగాం. ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు.

ఇప్పుడు పాపకు నాలుగేళ్లు. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని తనంతట తనే అన్నం తింటుంది. అప్పుడప్పుడూ చెంచా జారి కింద పడుతుంది. "పిల్లలన్నాక పడేస్తారు" అంటారు మా అత్తగారు, తల తిప్పకుండానే. ఆ చప్పుడుకు పొయ్యి దగ్గర నేను, సింకు దగ్గర భాను ఒకేసారి వెనక్కి తిరుగుతాం. పడ్డ చెంచా వైపు ఇద్దరిలో ఎవరమూ చూడం. పాప చేతి వైపు చూస్తాం.